పచ్చ తీగ

శివనగర్‌ల నెట్‌సెంటర్ మూసినంక
ఎనిమిది కంప్యూటర్లు తూకానికి పోయినయి.
తొమ్మిదోదాని పొట్టలోంచి
ఈ ఇనుపడబ్బ ఒక్కటి ఇప్పి దాసుకున్న.
ఎందుకురా అని అక్క అడిగితే
అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

తనుశ్రీ, అక్క బిడ్డ, పాలిటెక్నిక్ రెండో ఏడు,
థర్మాకోల్ కోసి విమానం చేసింది.
బ్యాటరీ కొన్నది, ఛార్జర్ కొన్నది,
ఆ ఛార్జర్‌కు బువ్వ పెట్టేది ఇంకోటి కావాల్నట.
"పన్నెండు ఓల్టులు మామా, పది ఆంపియర్లకు తగ్గొద్దు."
కొత్తదాని ధర చెప్పి
కాలి బొటనేలుతోని గచ్చు గీకుకుంట నిలబడ్డది.
నేను అల్మర మీదికెళ్లి డబ్బ దించిన.

నాలుగు మరలు. ఒకటి తుప్పువట్టి
రెండు స్క్రూడ్రైవర్లను మింగింది.
మూత తీస్తే పదకొండేండ్ల దుమ్ము,
రాత్రి ఒంటిగంట దాంక
హాల్‌టికెట్లు, ర్యాంకులు, కౌన్సిలింగ్ తారీకులు చూసుకునేటోళ్ల
బుక్కెడు బుక్కెడు ఊపిరి
ఫ్యాను రెక్కలకు మడ్డిలెక్క.
పాత పండ్లబ్రష్షుతోని తోమిన.

ఆమె వేలు పెట్టబోతే చెయ్యి మీద కొట్టిన.
"ప్లగ్గు పీకినా ఆగు.
ఈ లావు కెపాసిటర్లల్ల మూడొందల ఓల్టులు
కండ్లు మూసుకొని పండుకుంటయి.
సచ్చిందనుకొని ముట్టుకున్నోణ్ణి
గోడదాంక ఇసిరేస్తయి."
నాలుగు రోజులు ఆగినం.

పసుపుయి పన్నెండు. ఎర్రయి అయిదు.
నారింజయి మూడుకు కొంచెం ఎక్కువ.
ఊదాది డబ్బంత నిద్రపోయినా మేలుకొనే ఉంటది.
నల్లయన్ని భూమి.
పచ్చది మాత్రం ఒక్కటే.

మదర్‌బోర్డు లే అంటేనే లేసే డబ్బ ఇది.
ఆ మాట పచ్చతీగల నుంచే వచ్చేది.
అన్నది ఇప్పుడు ఏ కొలిమిల కరుగుతున్నదో.
పచ్చ కొస చెక్కి నల్లదానికి ముడేసిన.
ఫ్యాను దగ్గింది, తిరిగింది.
"అబద్ధపు పిలుపు గద మామా" అన్నది పిల్ల.
ఏం చెప్పాల్నో తెల్వక
టేపు చుట్టిన.

మీటరు పదకొండున్నర కాడ ఆగింది.
ఛార్జర్ మూడుసార్లు మొరిగి మొకం మాడ్చింది.

స్టేషన్ రోడ్డు, యాకూబ్ దుకాణం.
కండ్లద్దాలు నుదుటికెక్కించి
ఎవరిదో రేడియో పొట్టల తలపెట్టిండు.
"ఎర్రతీగ మీద బరువేసినవా?"
లేదన్న.
"ఖాళీగుంటే దానికి నిలకడుండదు భాయ్."
తల ఎత్తలేదు, నన్ను సూడలేదు.
నాకైతే నా ముచ్చటే తీసినట్టయింది.
సెంటర్ మూసినంక ఎన్ని పొద్దులు
షట్టరు తాళంచెవి కోసం
అంగీ జేబులు దేవులాడుకున్ననో!
తెల్ల సిమెంటు రెసిస్టర్ ఇచ్చిండు,
పది ఓములు, పది వాట్లు, పన్నెండు రూపాయలు.

గాలి తగిలే కాడ బిగిచ్చిన.
ఊకె కాగుతది, ఇంకో పని లేదు దానికి.
అది కాగవట్టే
పక్కపొంటి పసుపుతీగల పన్నెండు
పన్నెండులెక్క నిలబడ్డది.
ఆ తీగలు అయిదింటిని
తనుశ్రీ జడలెక్క అల్లి సాకెట్‌కు అతికిచ్చింది.
సీసం పొగకు ఇద్దరికీ కండ్లల్ల నీళ్లు.

బ్యాటరీల మూడు గదులు.
ఒకటి నిండుకుంట, ఇంకోదాని కోసం ఆగుకుంట,
మూడూ ఒక్కతీరు ఎక్కేసరికి రాత్రి పదిన్నర.
పొంగుతదేమోనని మట్టిమూకుడుల పెట్టి
పిల్ల దాని పక్కనే కూసున్నది,
బాలింతకు కావలి ఉన్నట్టు.

ఐతారం పొద్దుగాల మామునూరు దిక్కు, పడావు చెలుక.
తెల్ల రెక్కలు లేసినయి.
ఎడ్లను ఆపుకొని ఒకాయన తల పైకెత్తిండు,
నోట్లె బీడీ ఆరిపోయింది.
ఏడు నిమిషాలు.
ఎనిమిదోదాంట్ల గాలి తిరిగి
పత్తిచేన్ల పడ్డది, కుడి రెక్క రెండు ముక్కలు.
"బ్యాటరీల ఇంకా ఉన్నది మామా"
అని ఉరుక్కుంట పోయింది.

ఇంటికొచ్చేసరికి
డబ్బ తిరుగుతనే ఉన్నది.
ఆపుడు మరిచినం.
రెసిస్టర్ మీద చెయ్యి పెడితే సుర్రుమన్నది.
తియ్యబుద్ధి కాలె.
చాయ్ గిలాస దాని నెత్తిన పెట్టి
విరిగిన రెక్కకు జిగురు రాసుకుంట కూసున్న.